గాలి, పరీక్ష, టీకా: మహమ్మారి తర్వాత సైన్సు తేల్చినవి



కరోనా కాలంలో మీరు పంపిన సొమ్ముతో మాస్కులు, రేషన్ కిట్లు, శానిటైజర్ డబ్బాలు, ఆక్సిజన్ సిలిండర్లు, కఫన్ గుడ్డలు ఎన్నో చేతులు మారాయి. ఇప్పుడు ఏ సమావేశంలో కలిసినా దాతలు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. అప్పుడు చేసినవాటిలో నిజంగా ప్రాణం కాపాడినవి ఏవి? అలాంటిది మళ్లీ వస్తే మన డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి? ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే ఈ ఐదారేళ్లలో సైన్సు ఏం తేల్చిందో చూడాలి. కొన్ని విషయాల్లో మొదట చెప్పిన మాట ఒకటి, చివరికి తేలినది ఇంకొకటి. ఆ తేడా తెలియకపోతే వచ్చేసారి కూడా చందా సొమ్ము అవే డబ్బాల్లోకి పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. 2023 మే 5న దాన్ని ఎత్తివేసింది. ఆ సంస్థ అంచనా ప్రకారం 2020, 2021 రెండేళ్లలోనే ప్రపంచంలో మామూలుగా జరిగే మరణాల కంటే దాదాపు కోటి 49 లక్షల మరణాలు ఎక్కువగా జరిగాయి. భారతదేశం విషయంలో ఆ అంచనాను మన ప్రభుత్వం అంగీకరించలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన ఖబ్రస్తాన్‌లలో తవ్విన సమాధులను చూసినవారికి ఆ వివాదంతో పెద్దగా పనిలేదు.

గాలి విషయంలో వచ్చిన పెద్ద మార్పు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఈ భాగం చదవమని కోరుతున్నాం.

2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక మాధ్యమాల్లో కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని గట్టిగా రాసింది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే తుంపరలు ఒకటి రెండు మీటర్లలోనే నేల మీద పడిపోతాయన్నది అప్పటి నమ్మకం. కాబట్టి ఆరడుగుల దూరం పాటించి, చేతులు కడుక్కుంటే చాలన్నారు. దాంతో దేశమంతా శానిటైజర్ల వెంట పడింది. కూరగాయలను సబ్బు నీళ్లలో కడిగారు. వీధుల్లో ట్యాంకర్లతో మందు పిచికారీ చేశారు. కొన్ని ఊళ్లలో మనుషుల మీదే మందు చల్లే సొరంగాలు పెట్టారు. మనుషుల మీద అలా చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పినా ఆ సొరంగాలు చాలాకాలం నడిచాయి.

అదే సమయంలో దూరం లెక్కకు అందని సంఘటనలు బయటపడ్డాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. హాజరైన 61 మందిలో 53 మందికి జబ్బు సోకింది, ఇద్దరు చనిపోయారు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక రెస్టారెంటులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో 10 మందికి సోకింది. ఆ గదిలోకి బయటి గాలి రావడం లేదు, ఏసీ లోపలి గాలినే ఆ మూడు బల్లల మధ్య తిప్పుతోంది. ఈ కుటుంబాలకు ఒకరితో ఒకరికి పరిచయమే లేదు.

2020 జూలైలో ప్రొఫెసర్ లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ ముందుండి రాసిన లేఖకు 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికారు. ఊపిరితో, మాటతో బయటికొచ్చే సూక్ష్మమైన తుంపరలు గంటల తరబడి గాలిలో తేలుతాయని, వాటి ద్వారా కూడా జబ్బు పాకవచ్చని వారు వాదించారు. మరి అంతకాలం వైద్య పుస్తకాలు వేరేగా ఎందుకు చెప్పాయి? దీని వెనుక ఒక ఆసక్తికరమైన కథ ఉంది. 5 మైక్రాన్ల కంటే పెద్ద తుంపర నేల మీద పడిపోతుందని, అంతకంటే చిన్నది మాత్రమే గాలిలో తేలుతుందని పుస్తకాలు రాశాయి. లిన్సే మార్, ఆమె సహచరులు, చరిత్ర పరిశోధకురాలు కేటీ రాండల్ కలిసి ఆ అంకె ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోయారు. 1930లలో విలియం వెల్స్ అనే పరిశోధకుడు వేసిన అసలు లెక్కలో హద్దు దాదాపు 100 మైక్రాన్లు. 5 మైక్రాన్లన్నది క్షయ క్రిములు ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరడానికి కావలసిన పరిమాణం. ఈ రెండు అంకెలూ కాలక్రమంలో కలగలిసిపోయాయి. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి అదే ఎక్కింది, ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు.

2021 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గాలి ద్వారా వ్యాప్తిని ఒప్పుకుంది. 2024 ఏప్రిల్‌లో అనేక రంగాల నిపుణులతో చర్చించి పాత విభజనను పక్కన పెట్టి, చిన్నవైనా పెద్దవైనా అన్నింటినీ కలిపి గాలిలో ప్రయాణించే అంటు కణాలుగా చూడాలని నివేదిక ఇచ్చింది.

దీన్ని ఇంట్లో అర్థం చేసుకోవడం సులువు. మూసిన గదిలో ఒక మూల ఊదు వేస్తే కాసేపటికి అవతలి మూల కూర్చున్నవారికీ వాసన వస్తుంది. ఆరడుగుల దూరం దాన్ని ఆపదు. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిస్తే పొగ పలచబడిపోతుంది. వైరస్ మోసే తుంపరలు కూడా దాదాపు ఇలాగే నడుచుకుంటాయి.

ఇక్కడ డబ్బు ఖర్చుకు సంబంధించిన అసలు విషయం ఉంది. మన మస్జిదుల్లో, మదరసా హాస్టళ్లలో, ఫంక్షన్ హాళ్లలో ఇప్పుడు స్ప్లిట్ ఏసీలు పెట్టించడం దాతల ఇష్టమైన పని. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మన మీదికి వదులుతుంది. తలుపులు బిగించి, రెండు వందల మంది జుమా ఖుత్బా వింటూ కూర్చుంటే అందరూ ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తున్నట్టే. ఎంత పీలుస్తున్నామో కొలిచే చిన్న మీటరు కూడా ఉంది. మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అది చూపిస్తుంది. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లకు 420 దగ్గర ఉంటుంది. కిటికీలు మూసిన రద్దీ గదిలో 2000 దాటడం మామూలే. 800 లోపు ఉంచగలిగితే మంచిది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2023 మేలో గదిలోని గాలి గంటకు కనీసం 5 సార్లు మారేంత స్వచ్ఛమైన గాలి ఉండాలని సూచించింది.

దానికి ఖరీదైన యంత్రాలే కావాలని లేదు. పెరూ రాజధాని లిమాలోని 8 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు వార్డుల్లో కిటికీలు తెరిచి ఉంచితే గంటకు 40 సార్లు గాలి మారింది. కొత్తగా కట్టిన వార్డుల్లో కిటికీలు తెరిచినా 17 సార్లే. యంత్రాలతో గాలి మార్చే గదుల్లో 12 సార్లు. క్షయ రోగుల కోసం వందేళ్ల కిందట మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కట్టినవారు వరండాలకు, గాలికి అంత చోటు ఎందుకిచ్చారో ఇప్పుడు మళ్లీ అర్థమవుతోంది. పాత మస్జిదు పడగొట్టి కొత్తది కట్టే కమిటీలకు మా విన్నపం: పైకప్పు దించకండి, ఎదురెదురు కిటికీలు పూడ్చకండి. ఏసీ పెట్టక తప్పదనుకుంటే గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యానును కూడా అదే అంచనాలో చేర్చండి. ఈ ఖర్చు సాధారణంగా జకాత్ పద్దులో పడదు, సదఖా పద్దులో రాయించండి.

మాస్కు, మిన్బర్

మాస్కుల మీద వాదనలు ఇంకా తెగలేదు. అయితే అందరూ తెలుసుకోవలసిన అధ్యయనం ఒకటి బంగ్లాదేశ్‌లో జరిగింది. 600 గ్రామాలు, దాదాపు 3 లక్షల 40 వేల మంది పెద్దలు అందులో ఉన్నారు. సగం గ్రామాల్లో ఉచితంగా మాస్కులు పంచి, వాడమని ప్రోత్సహించారు. శుక్రవారం నమాజులో ఇమాములు మాస్కు గురించి చెప్పడం కూడా ఆ ప్రణాళికలో భాగం. మాస్కు సరిగా పెట్టుకునేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాల్లో లక్షణాలతో కూడిన నిర్ధారిత జబ్బు మొత్తం మీద 11 శాతం, 60 ఏళ్లు దాటినవారిలో 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కుల వల్ల స్పష్టమైన లాభం కనిపించలేదు.

పదకొండు శాతం చిన్న అంకెగా తోచవచ్చు. గ్రామంలో సగానికి పైగా జనం మాస్కు పెట్టుకోకపోయినా వచ్చిన తగ్గుదల ఇది. వృద్ధుల్లో తగ్గింది మూడో వంతు. ఎన్95 మాస్కు ఇంకా మేలు చేస్తుంది. దాని పొరల్లోని స్థిర విద్యుత్తు సూక్ష్మ కణాలను లాగి పట్టుకుంటుంది. దాన్ని సబ్బుతో ఉతికితే ఆ శక్తి పోతుంది, పైకి మాస్కు బాగానే కనబడుతుంది. ఉతికి ఇస్తే పుణ్యమనుకుని వాడిన ఎన్95లను సేకరించేవారు ఇది గమనించాలి.

మయ్యిత్ విషయం

మన సమాజానికి అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన విషయం చావు తర్వాతి మర్యాద. గుస్ల్ లేకుండా, జనాజాలో నలుగురు లేకుండా ఎందరినో సాగనంపారు. ఇక్కడ సైన్సు ఏం చెప్పిందో, భయం ఏం చేసిందో విడివిడిగా చూడాలి.

శ్రీలంకలో 2020 ఏప్రిల్ నుంచి కోవిడ్‌తో చనిపోయినవారందరినీ తప్పనిసరిగా దహనం చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. పూడిస్తే భూగర్భ జలాల్లోకి వైరస్ చేరుతుందన్నది వారు చెప్పిన కారణం. అప్పటికే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఖననానికీ దహనానికీ రెండింటికీ అనుమతి ఇచ్చాయి. చనిపోయినవారు ఊపిరి వదలరు, దగ్గరు. ఈ వైరస్ పాకే ప్రధాన మార్గమే అక్కడ లేదు. అయినా ముస్లిం కుటుంబాల్లో వందల మందిని వారి ఇష్టానికి విరుద్ధంగా దహనం చేశారు. వారిలో పసిపిల్లలు కూడా ఉన్నారు. 2021 ఫిబ్రవరి చివర్లో ఆ ఆదేశం రద్దయింది. 2024 జూలైలో శ్రీలంక మంత్రివర్గం ఆ విధానానికి క్షమాపణ చెప్పింది.

మన దేశంలో కేంద్ర మార్గదర్శకాలు ఖననాన్ని నిషేధించలేదు. శరీరాన్ని సంచిలో ఉంచి, తాకకుండా, స్నానం చేయించకుండా సాగనంపమన్నాయి. శరీరాన్ని కదిలించినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన ద్రవాలు బయటికి రావచ్చు కాబట్టి కడిగేవారికి గౌను, గ్లౌజులు, మాస్కు అవసరమన్న మాట నిజమే. ఆ జాగ్రత్త వేరు, ఊరి ఖబ్రస్తాన్ గేటుకు తాళం వేయడం వేరు. మా అభిప్రాయం ఏమిటంటే ప్రతి పట్టణంలో నలుగురు మగవారు, నలుగురు ఆడవారు గుస్ల్ చేయించే పనిలో రక్షణ దుస్తులు వేసుకోవడం, విప్పడం నేర్చుకుని ఉండాలి. విప్పేటప్పుడే ఎక్కువ ప్రమాదం. ఇది ఒక్క పూట శిక్షణ. దీనికయ్యే ఖర్చు ఒక సిలిండరు ఖర్చు కూడా కాదు. ఇలాంటి మనుషులు సిద్ధంగా ఉన్న ఊళ్లో అధికారులతో మాట్లాడటానికి కూడా ధైర్యం ఉంటుంది.

పరీక్షలు ఏం చూస్తాయి?

ఆర్‌టీపీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్ని వెతుకుతుంది. పీసీఆర్ పద్ధతిని 1983లో కనిపెట్టిన క్యారీ ములిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది. ఒక్కో చక్రంలో ఉన్న పదార్థం రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, ఇలా 30 చక్రాలు తిరిగితే ఒక్కటి కాస్తా 107 కోట్లు దాటుతుంది. అందుకే అది అంత సున్నితం. ఆ సున్నితత్వమే ఒక్కోసారి తికమక పెడుతుంది. జబ్బు తగ్గిన తర్వాత కూడా వైరస్ తునకలు ముక్కులో కొన్ని వారాలు మిగిలి ఉంటాయి, పరీక్ష పాజిటివ్ అనే చెబుతుంది. పాపం, మళ్లీ నెగటివ్ వచ్చేదాకా పనిలోకి రావద్దని ఎన్నో యజమానులు కూలీలను ఇంటి దగ్గరే ఉంచారు. వారిలో చాలామంది అప్పటికి ఎవరికీ అంటించే స్థితిలో లేరు.

ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష వైరస్ ప్రొటీన్‌ను వెతుకుతుంది. వైరస్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే, అంటే ఇతరులకు అంటించే రోజుల్లోనే, అది గీత చూపిస్తుంది. పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. లక్షణాలు ఉండి నెగటివ్ వస్తే నమ్మకూడదు, ఆర్‌టీపీసీఆర్ చేయించాలని ఐసీఎంఆర్ మొదటినుంచీ చెప్పింది. ఆ రెండో సగం చాలామంది చెవికెక్కలేదు. నెగటివ్ చీటీ చేతిలో పట్టుకుని పెళ్లి వలీమాకు వెళ్లినవారి కథలు మనకందరికీ తెలుసు. 2021 మేలో ఇంట్లోనే చేసుకునే కిట్టుకు అనుమతి వచ్చింది. వృద్ధులు ఉన్న ఇంట్లో జలుబు చేసిన మనవడు పరీక్ష చేసుకుని రెండు రోజులు పక్క గదిలో ఉండటం అనేది ఇప్పుడు సాధ్యమైన పని.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ చేసిన మేలు చెప్పకుండా ముందుకు పోలేం. ముక్కులో నుంచి తీసిన స్వాబ్‌ను ద్రవంలో ముంచకుండా పొడిగానే పంపి, జన్యుపదార్థాన్ని వేరుచేసే ఖరీదైన దశను తప్పించే పద్ధతిని అది రూపొందించింది. 2020 నవంబర్‌లో ఐసీఎంఆర్ ఆమోదించింది. అదే సంస్థ ఐఐసీటీతో కలిసి నగరం మురుగునీటిని పరీక్షించి, ఎన్ని లక్షల మంది వైరస్‌ను విసర్జిస్తున్నారో అంచనా వేసింది. అప్పుడు నమోదైన కేసుల కంటే ఆ సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. మురుగునీటికి ధనిక పేద తేడా తెలియదు, పరీక్షకు వెళ్లలేని బస్తీవాసి కూడా అందులో లెక్కకు వస్తాడు. అందుకే ఇప్పుడు ప్రపంచమంతా ఈ పద్ధతిని పట్టుకుంది.

టీకాలు

వైరస్ జన్యుక్రమం 2020 జనవరిలో బయటికి వచ్చింది. ఏడాది తిరిగేలోగా టీకాలు వచ్చాయి. ఇంత తొందరగా ఎలా సాధ్యమైందన్న అనుమానం సహజమే. ఆ తొందర వెనుక పాత కష్టం ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు ఆధారమైన కీలక మార్పును కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లోనే ప్రచురించారు. పట్టించుకున్నవారు తక్కువ. 2023లో నోబెల్ వచ్చింది.

మన హైదరాబాద్ నుంచి రెండు ముఖ్యమైన టీకాలు వచ్చాయి. భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ పాత పద్ధతిలోది. వైరస్‌ను పెంచి, రసాయనంతో చంపి, శరీరానికి చూపిస్తారు. మూడో దశ ప్రయోగాల్లో 77.8 శాతం సామర్థ్యం చూపింది. బయోలాజికల్ ఇ వారి కార్బెవాక్స్ వైరస్ పైన ఉండే ముల్లులో ఒక చిన్న ముక్కను మాత్రమే ఈస్ట్ కణాల్లో తయారు చేసి ఇస్తుంది. దాని మూల సాంకేతికతను అమెరికాలోని హ్యూస్టన్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీ పేటెంటు తీసుకోకుండా ఇచ్చారు. 2022 మార్చి నుంచి మన 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేసింది ఇదే. పేటెంటు లేకుండా ఇవ్వడం అనే ఈ పనిని మా దాతలు ప్రత్యేకంగా గమనించాలి, ఒక జ్ఞానాన్ని దానం చేస్తే అది ఎంత దూరం పోతుందో ఇక్కడ కనిపిస్తుంది.

టీకాలో పంది కొవ్వు ఉందని, దూడ సీరం ఉందని అప్పట్లో వాట్సాప్ నిండా తిరిగింది. కోవాగ్జిన్, కోవిషీల్డ్‌లలో పంది జెలటిన్ లేదు. దూడ సీరాన్ని కణాలను పెంచే తొలి దశలో వాడతారు, తర్వాత కడిగి తీసేస్తారు, చివరి టీకాలో అది ఉండదు. ఒకవేళ ఒక టీకాలో జెలటిన్ ఉన్నా, ప్రాణరక్షణకు మరో మార్గం లేకపోతే వేసుకోవచ్చని యూఏఈ ఫత్వా మండలి 2020 డిసెంబర్‌లోనే చెప్పింది. 2021 రంజాన్ సరిగ్గా రెండో ఉధృతిలో వచ్చింది. కండరానికి వేసే ఇంజెక్షన్‌తో రోజా భంగం కాదని ఉలమాలు చెప్పినా నెల గడిచాక వేసుకుందామని ఆగినవారు ఉన్నారు. ఆ నెలలోనే దేశంలో శవాల వరుసలు నిలిచాయి.

ఇక తరచూ వినబడే ప్రశ్న: యువకులు హఠాత్తుగా గుండె ఆగి చనిపోతున్నారు, టీకా వల్లేనా? ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల నుంచి 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలు సేకరించి, అదే వయసు, అదే ప్రాంతం వారితో పోల్చి 2023లో ప్రచురించింది. టీకా వల్ల ప్రమాదం పెరగలేదు. రెండు డోసులు వేసుకున్నవారిలో అది తక్కువగా ఉంది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అలాంటి మరణాలు, ముందు రెండు రోజుల్లో అతిగా మద్యం తాగడం లేదా తీవ్రమైన వ్యాయామం, వీటితో సంబంధం కనిపించింది. అలాగని టీకాలకు ఏ లోపమూ లేదని చెప్పడం కూడా సరికాదు. కోవిషీల్డ్ రకం టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వచ్చిన మాట నిజం. దాన్ని దాచిపెట్టినప్పుడల్లా పుకారుకు బలం పెరుగుతుంది. అందుకని మా శిబిరాల్లో వాలంటీర్లకు మేము చెప్పేది ఒకటే: ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంకెతో చెప్పండి.

టీకా జబ్బు రాకుండా ఆపుతుందన్న తొలి ఆశ 2021 నవంబర్‌లో ఒమిక్రాన్ వచ్చాక నిలవలేదు. ముక్కు దగ్గర కాపలా ఉండే యాంటీబాడీలు కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. లోపలి జ్ఞాపక కణాలు మాత్రం చాలాకాలం ఉంటాయి, అవే జబ్బు ముదరకుండా కాపాడతాయి. ఇంపీరియల్ కాలేజీ పరిశోధకుల అంచనా ప్రకారం టీకాలు వచ్చిన మొదటి ఏడాదిలో ప్రపంచంలో దాదాపు కోటి 98 లక్షల మరణాలు తప్పాయి. ముక్కు దగ్గరే ఆపే టీకా కోసం వెతుకులాట సాగుతోంది. భారత్ బయోటెక్ ముక్కులో వేసే చుక్కల టీకా 2023 జనవరిలో విడుదలైంది.

మందులు, యంత్రాలు

మందుల గురించి క్లుప్తంగా చెబుతాం. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం 2020 జూన్‌లో తేల్చినది ఇది: డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో అయిదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ చేయలేదు. మన దగ్గర ఆ చివరి వాక్యం ఎగిరిపోయింది. జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ మింగారు, షుగరు పెరిగింది, బ్లాక్ ఫంగస్ వచ్చింది. 2021 జూలై నాటికి దేశంలో 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ప్లాస్మా కోసం దాతలు రాత్రింబగళ్లు తిరిగారు. 39 ఆసుపత్రుల్లో ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం ప్లాస్మా మరణాలను తగ్గించలేదని 2020 అక్టోబర్‌లోనే చెప్పింది, చికిత్సా మార్గదర్శకాల నుంచి దాన్ని తొలగించింది 2021 మేలో. మధ్యలో ఏడు నెలలు.

పల్స్ ఆక్సీమీటర్ మంచి సాధనం. జపాన్‌కు చెందిన తకువో అయోయాగి 1974లో దాని సూత్రాన్ని కనిపెట్టారు. కరోనా మొదలైన కొద్ది నెలలకే, 2020 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. అయితే నల్లటి చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని 2020 డిసెంబర్‌లో అమెరికా ఆసుపత్రుల సమాచారంతో తేలింది. అక్కడి నల్లజాతి రోగుల్లో దాగిన ఆక్సిజన్ కొరత తెల్లవారి కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు తప్పిపోయింది. మన తెలుగువారి చర్మం రంగు సంగతి చెప్పనక్కరలేదు. 94 చూపిస్తున్నా ఆయాసం ఉంటే అంకెను కాకుండా ఆయాసాన్నే నమ్మి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాన్సన్‌ట్రేటర్ల సంగతి. గాలిలోని నత్రజనిని పట్టుకునే జియోలైట్ గుళికలు దానికి గుండెకాయ. యంత్రాన్ని నెలల తరబడి మూల పడేస్తే తేమ చేరి అవి పాడవుతాయి. బటన్ నొక్కితే శబ్దం వస్తుంది, గాలి వస్తుంది, అందులో ఆక్సిజన్ చాలినంత ఉండదు. తమ దగ్గర యంత్రాలు ఉన్న సంస్థలు వాటిని మధ్య మధ్య కాసేపు నడపాలి, ఫిల్టరు శుభ్రం చేయాలి, ఆక్సిజన్ శాతం కొలిపించాలి. అంతకంటే మంచిది, ఊపిరితిత్తుల జబ్బుతో ఇంటి దగ్గర ఆక్సిజన్ అవసరమైన పేద రోగులకు డాక్టరు సలహాతో అరువుగా ఇవ్వడం. యంత్రం నడుస్తూ ఉంటుంది, మనిషి బతుకుతాడు.

ఇప్పుడు మన ముందున్నవి

2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో అదే జబ్బు వచ్చింది. ఇప్పటికి అది మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం లేదు. బాగా ఉడికిన మాంసం, గుడ్డుతో భయం లేదు. కోళ్లు కోసే దుకాణాల్లో పనిచేసే మన కుర్రాళ్లకు మాస్కు, గ్లౌజులు, చేతులు కడుక్కునే ఏర్పాటు కావాలి, చచ్చిన కోడిని తాకవద్దని ఎవరో ఒకరు చెప్పాలి.

2025 మే 20న ప్రపంచ దేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. వైరస్ నమూనాలు ఇచ్చే దేశాలకు టీకాల్లో వాటా ఎలా ఇవ్వాలన్న అనుబంధాన్ని మాత్రం ఆ రోజు పక్కన పెట్టి తర్వాతి చర్చలకు వదిలేశారు. పేద దేశాలకు అసలు కావలసింది అదే.

గాలి ద్వారానే పాకే మరో జబ్బు, క్షయ, మన బస్తీల్లో ఎప్పుడూ పోలేదు. దాతలకు దీనిలో ఒక శుభవార్త ఉంది. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే అధ్యయనం 2023లో అచ్చయింది. క్షయ రోగి ఇంట్లో ఉన్న మిగిలినవారికి నెల నెలా బియ్యం, పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు ఇచ్చారు. ఆ కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. పది వేల మందికి పైగా కుటుంబ సభ్యుల మీద చేసిన అధ్యయనం ఇది. లాక్‌డౌన్‌లో మన సంస్థలన్నీ చేతికి అలవాటు చేసుకున్న పని రేషన్ కిట్టు కట్టడమే. ఆ కిట్లు ఇప్పుడు ఈ ఇళ్లకు చేరితే అది మందు లాగే పనిచేస్తుంది. ప్రభుత్వ ని-క్షయ్ మిత్ర పథకంలో సంస్థలు, వ్యక్తులు కూడా రోగులను దత్తత తీసుకోవచ్చు. పేద కుటుంబానికి తిండి గింజలు కాబట్టి జకాత్ పద్దు గురించి మీ ఇమాం గారిని అడిగి నిర్ణయించుకోండి.

చివరగా ఉమ్రా యాత్రికుల విషయం. 1987 హజ్‌లో మెనింజైటిస్ చెలరేగింది, 2000లో మరో రకం వచ్చింది. ఆ తర్వాత సౌదీ ప్రభుత్వం నాలుగు రకాలకూ పనిచేసే టీకాను తప్పనిసరి చేసింది. హజ్ కమిటీ శిబిరాల్లో మన యాత్రికులకు ఆ టీకా, పోలియో చుక్కలు, పెద్ద వయసువారికి ఫ్లూ టీకా వేస్తున్నారు. ప్రైవేటు టూర్లలో ఉమ్రాకు వెళ్లేవారిని మాత్రం గట్టిగా అడిగేవారు తక్కువ. 2024లో ఉమ్రా ప్రయాణాలతో ముడిపడిన 12 మెనింజైటిస్ కేసులు అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో బయటపడ్డాయి. టీకా వివరం తెలిసిన 9 మందిలో ఒక్కరూ వేసుకోలేదు. తల్లిదండ్రులను ఉమ్రాకు పంపే ప్రతి దాతా టికెట్టు ఖర్చుతో పాటే ఈ టీకా ఖర్చు కూడా కలపాలి. సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించి, కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోవాలి.